స్నోమొబైల్ క్లచ్, సస్పెన్షన్ల సర్దుబాటు

స్నోమొబైల్ అనేది మంచుపైన, గడ్డకట్టిన సరస్సులపైన ప్రయాణించడానికి తయారుచేసిన మోటారు వాహనం. దీనికి ముందుభాగంలో దిశను మార్చే రెండు స్కీలు, వెనుకభాగంలో బండిని ముందుకు నెట్టే రబ్బరు ట్రాక్ ఉంటాయి. భారతదేశంలో దీనిని స్నో స్కూటర్ అని కూడా పిలుస్తారు. ఇంజను శక్తిని ట్రాక్‌కు చేర్చే క్లచ్‌ను, ఎగుడుదిగుడులను తట్టుకొనే సస్పెన్షన్‌ను చోదకుని బరువుకు, దారి స్వభావానికి, సముద్రమట్టం నుండి ఎత్తుకు తగినట్లు అమర్చుకోవడాన్ని స్నోమొబైల్ సర్దుబాటు అంటారు.

మంచుదారులపై తిరిగే బండికి ఈ సర్దుబాటు ప్రధాన ఉద్దేశం గరిష్ఠ వేగాన్ని పెంచడం కాదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 30,000 కిలోమీటర్లకు పైగా స్నోమొబైల్ దారులున్నాయి. అక్కడి దారులపై సాధారణ గరిష్ఠ వేగ పరిమితి గంటకు 70 కిలోమీటర్లు. నేటి స్నోమొబైళ్ళలో చాలావాటికి ఈ వేగం సులభమే. మలుపులో స్కీలు మాట వినడం, మలుపు దాటగానే ఇంజను వెంటనే అందుకోవడం, బెల్టు తెగకుండా ఇల్లు చేరడం అనేవే ఇక్కడ ముఖ్యం. దారులు చాలావరకు ఇరుకైనవి, రెండు వైపులా రాకపోకలు ఉండేవి. మలుపులో స్కీలు పట్టు తప్పిన బండి ఎదురుగా వచ్చే బండి వైపుకో, చెట్ల వైపుకో జారిపోతుంది.

నేపథ్యం

స్నోమొబైల్ అభివృద్ధిలో ప్రముఖుడు క్విబెక్‌లోని వాల్కోర్ట్ గ్రామానికి చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ (1907 - 1964). 1934 శీతాకాలంలో ఇతని రెండేళ్ళ కుమారుడు జబ్బుపడ్డాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోవడంతో బాలుని ఆసుపత్రికి చేర్చలేకపోయారు, బాలుడు మరణించాడు. బొంబార్డియర్ మంచుపై నడిచే వాహనాల కోసం రూపొందించిన ట్రాక్ అమరికకు 1937లో పేటెంటు పొందాడు. 1959లో స్కీ-డూ అనే చిన్న, తేలికైన స్నోమొబైల్ అమ్మకానికి వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్ సంస్థలు ఇదే కాలంలో ఈ రంగంలో ఎదిగాయి. జపానుకు చెందిన యమహా 1968లో తన మొదటి స్నోమొబైల్‌ను విడుదల చేసింది. 2025 నమూనాల తరువాత ఈ వాహనాల తయారీని విరమిస్తున్నట్లు 2023లో ప్రకటించింది.

భారతదేశంలో సియాచిన్ వంటి హిమానీనదాలపై సైన్యం స్నో స్కూటర్లను వాడుతోంది. కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో పర్యాటకులను వీటిపై తిప్పుతారు.

క్లచ్ పనిచేసే విధానం

స్నోమొబైల్‌లో కారులో ఉన్నట్లు విడివిడి గేర్లు ఉండవు. రెండు కప్పీలు, వాటిని కలిపే ఒక రబ్బరు బెల్టు కలిసి ఎడతెగకుండా మారే గేరు నిష్పత్తిని ఇస్తాయి. వీటినే వాడుకలో క్లచ్‌లు అంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ 1958లో ఇటువంటి బెల్టు అమరికతోనే కారును ప్రదర్శించింది. మన రోడ్లపై తిరిగే హోండా ఆక్టివా వంటి గేరులేని స్కూటర్లు కూడా ఇదే సూత్రంపై నడుస్తాయి. స్కూటరు మెకానిక్‌లు మార్చే రోలర్లు చేసే పనిని స్నోమొబైల్‌లో మీటల వంటి బరువులు చేస్తాయి.

ప్రతి కప్పీలోనూ ఎదురెదురుగా రెండు శంకు ఆకారపు లోహపు బిళ్ళలుంటాయి. బిళ్ళలు దగ్గరైతే బెల్టు అంచు వైపుకు ఎక్కుతుంది. దూరమైతే లోపలికి దిగుతుంది. బెల్టు పొడవు మారదు కనుక ఒక కప్పీలో బెల్టు పైకి ఎక్కితే రెండవ దానిలో తప్పనిసరిగా కిందికి దిగాలి. బండి బయలుదేరేటప్పుడు ఇంజను సుమారు మూడు చుట్లు తిరిగితే రెండవ కప్పీ ఒక చుట్టు తిరుగుతుంది. పూర్తి వేగంలో రెండవ కప్పీయే ఇంజను కంటే వేగంగా తిరుగుతుంది.

మొదటి కప్పీ

మొదటి కప్పీ ఇంజను క్రాంక్ షాఫ్టుపై ఉంటుంది. దీనిలో ఒక స్ప్రింగు, సాధారణంగా మూడు బరువులు ఉంటాయి. ఇంజను వేగం పెరిగినకొద్దీ అపకేంద్ర బలం వల్ల బరువులు బయటికి విచ్చుకొని, కదిలే బిళ్ళను బెల్టు వైపుకు నెడతాయి. స్ప్రింగు దానిని వెనుకకు నెడుతుంది. ఈ రెండు బలాల పోటీయే బెల్టు స్థానాన్ని నిర్ణయిస్తుంది.

స్ప్రింగుకు రెండు విలువలుంటాయి. మొదటిది, కప్పీ తెరచుకొని ఉన్నప్పటి బలం. ఇది బండి ఏ ఇంజను వేగం వద్ద కదలాలో నిర్ణయిస్తుంది. చాలా బండ్లలో ఇది నిమిషానికి 3,000 నుండి 4,000 భ్రమణాల (ఆర్.పి.ఎం.) మధ్య ఉంటుంది. రెండవది, కప్పీ పూర్తిగా మూసుకున్నప్పటి బలం. ఇది పూర్తి వేగానికి చేరేటప్పటి ఇంజను భ్రమణాలను ప్రభావితం చేస్తుంది.

రెండవ కప్పీ

ట్రాక్‌ను నడిపే షాఫ్టు వైపు రెండవ కప్పీ ఉంటుంది. దీనిలో ఒక స్ప్రింగు, హెలిక్స్ అనే ఏటవాలు గాడి ఉంటాయి. ట్రాక్‌పై భారం పెరిగినప్పుడు, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు లేదా లోతైన మంచులోకి వెళ్ళినప్పుడు, హెలిక్స్ బిళ్ళలను మరింత దగ్గరికి నొక్కుతుంది. దీనివల్ల బెల్టు మళ్ళీ తక్కువ గేరు స్థానానికి వస్తుంది. దీనిని బ్యాక్‌షిఫ్ట్ అంటారు. అంటే మొదటి కప్పీ ఇంజను వేగాన్ని గమనించి పనిచేస్తే, రెండవ కప్పీ భారాన్ని గమనించి పనిచేస్తుంది.

హెలిక్స్ కోణం సాధారణంగా 35 నుండి 55 డిగ్రీల మధ్య ఉంటుంది. కోణం ఎక్కువైతే బెల్టు త్వరగా పై గేరుకు మారుతుంది, ఇంజను భ్రమణాలు తగ్గుతాయి. కోణం తక్కువైతే బిళ్ళల ఒత్తిడి పెరిగి బ్యాక్‌షిఫ్ట్ చురుకుగా ఉంటుంది, భ్రమణాలు పెరుగుతాయి. కొన్ని హెలిక్స్‌లలో మొదట ఒక కోణం, చివర మరొక కోణం ఉంటాయి.

సర్దుబాటుకు ముందు చూడవలసినవి

సర్దుబాటు లోపంగా కనిపించే వాటిలో చాలావరకు నిజానికి అరుగుదల, మురికి లేదా తప్పు అమరిక వల్ల కలిగినవే. కాబట్టి స్ప్రింగులు, బరువులు కొనడానికి ముందే ఈ క్రింది వాటిని పరిశీలించాలి.

* బెల్టు: వెడల్పు తయారీదారు చెప్పిన పరిమితికి తగ్గి ఉండరాదు. అరిగిన బెల్టు కప్పీలో లోపలికి దిగి కూర్చుంటుంది. ఫలితంగా బండి బయలుదేరేటప్పుడు నెమ్మదిస్తుంది.
* బెల్టు ఎత్తు: బండి ఆగి ఉన్నప్పుడు బెల్టు పై అంచు రెండవ కప్పీ అంచుతో సమానంగా, లేదా దానికి కొద్దిగా పైన ఉండాలి. మరీ పైకి ఉంటే ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడే బండి ముందుకు పాకుతుంది.
* కప్పీల వరుస: రెండు కప్పీల మధ్య దూరం, వాటి పక్కవాటు తేడా మాన్యువల్‌లో చెప్పినట్లే ఉండాలి. తేడా ఉంటే బెల్టు ఒక పక్క అరుగుతుంది, వేడెక్కుతుంది.
* బుషింగులు, రోలర్లు: ఇవి అరిగితే కప్పీ బిళ్ళ సాఫీగా కదలక పట్టుకుంటుంది. అప్పుడు ఏ బరువు మార్చినా ఫలితం నిలకడగా ఉండదు.
* ట్రాక్ బిగువు: మరీ బిగుతుగా ఉంటే ఘర్షణ పెరిగి శక్తి వృథా అవుతుంది. మరీ వదులైతే నడిపే పళ్ళచక్రంపై ట్రాక్ ఎగిరి జారుతుంది.

కప్పీల బిళ్ళలపై నూనె, గ్రీజు ఉండరాదు. ఘర్షణే బెల్టుకు ఆధారం కనుక నూనె తగిలిన బిళ్ళపై బెల్టు జారి కాలిపోతుంది.

క్లచ్ సర్దుబాటు

ప్రతి ఇంజనూ ఒక నిర్దిష్ట వేగం వద్ద గరిష్ఠ శక్తినిస్తుంది. అనేక రెండు స్ట్రోకుల స్నోమొబైల్ ఇంజన్లలో ఇది సుమారు 8,000 ఆర్.పి.ఎం. ఉంటుంది. థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు బండి వేగం పెరుగుతున్నా ఇంజను మాత్రం ఈ ఒక్క వేగం వద్దే నిలకడగా తిరగాలి. క్లచ్ సర్దుబాటు అంతటికీ ఇదే కొలబద్ద. ఇంజను ఈ వేగం కంటే తక్కువగా తిరిగితే శక్తి అందదు. ఎక్కువగా తిరిగినా అందదు. రెండు స్ట్రోకుల ఇంజన్లలో పొగగొట్టాన్ని ఒక నిర్ణీత వేగానికి సరిపడేలా రూపొందిస్తారు. అందువల్ల ఆ వేగం దాటగానే శక్తి వేగంగా పడిపోతుంది.

పరీక్షించే పద్ధతి

చదునైన, గట్టిపడిన మంచు ఉన్న, ఎదురుగా దూరం వరకు కనిపించే స్థలాన్ని ఎంచుకోవాలి. ఇంజను, పొగగొట్టం, బెల్టు వేడెక్కేవరకు కొన్ని కిలోమీటర్లు నడపాలి. తరువాత తక్కువ వేగం నుండి థ్రాటిల్ పూర్తిగా నొక్కి, ఇంజను భ్రమణాలు మొదట ఎంత, మధ్యలో ఎంత, చివర ఎంత ఉన్నాయో గమనించాలి. ఒకే దిశలో చేసిన పరీక్షలో గాలి ప్రభావం కలుస్తుంది కనుక రెండు వైపులా చేసి చూడడం మంచిది.

* భ్రమణాలు మొదటి నుండి చివరి వరకు ఎక్కువగా ఉంటే బరువులు తేలికగా ఉన్నాయని అర్థం. బరువు పెంచాలి.
* మొదటి నుండి చివరి వరకు తక్కువగా ఉంటే బరువు తగ్గించాలి.
* మొదట సరిగా ఉండి చివరకు తగ్గుతూ పోతే మొదటి కప్పీ స్ప్రింగు చివరి బలాన్ని పెంచాలి, లేదా హెలిక్స్ చివరి కోణాన్ని తగ్గించాలి.
* మొదట ఎక్కువగా ఉండి తరువాత సర్దుకుంటే హెలిక్స్ తొలి కోణం తక్కువైందని భావించవచ్చు.
* మలుపు దాటి మళ్ళీ థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజను మందకొడిగా ఉంటే బ్యాక్‌షిఫ్ట్ సరిపోవడం లేదు. రెండవ కప్పీ స్ప్రింగు బలం పెంచడం లేదా హెలిక్స్ కోణం తగ్గించడం దీనికి మార్గాలు.

ఒక్కో బరువుకు 1 గ్రాము మారిస్తే ఇంజను వేగం సుమారు 100 ఆర్.పి.ఎం. వరకు మారుతుందన్నది ఒక స్థూలమైన లెక్క. ఇది బండిని బట్టి మారుతుంది. బరువులన్నింటినీ సమానంగానే మార్చాలి, లేకపోతే కప్పీ అదురుతుంది. స్కీ-డూ బండ్లలో చాలాకాలం వాడిన టి.ఆర్.ఏ. క్లచ్‌లో విడిభాగాలు మార్చనవసరం లేకుండా 6 స్థానాలున్న సర్దుబాటు మరలు ఉంటాయి. ఒక్కో స్థానం సుమారు 200 ఆర్.పి.ఎం. తేడానిస్తుంది.

రెండవ కప్పీ స్ప్రింగును అవసరానికి మించి బిగించడం పొరపాటు. బ్యాక్‌షిఫ్ట్ బాగున్నట్లు అనిపించినా బెల్టుపై ఒత్తిడి పెరిగి అది వేడెక్కుతుంది. పరీక్ష తరువాత ఇంజను ఆపి పరారుణ ఉష్ణమాపకంతో రెండు కప్పీల వేడిని కొలిస్తే, బెల్టు ఎక్కడ జారుతోందో కొంత తెలుస్తుంది.

ఎత్తు, వాతావరణ ప్రభావం

ఎత్తుకు వెళ్ళినకొద్దీ గాలి పలుచబడుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్‌మార్గ్‌లో ఈ నష్టం దాదాపు నాలుగో వంతు. తగ్గిన శక్తితో అవే బరువులను తిప్పవలసి వస్తే ఇంజను సరైన వేగానికి చేరలేదు. అందువల్ల ఎత్తైన ప్రదేశాలలో తేలిక బరువులు వాడతారు. తీవ్రమైన చలిలో గాలి చిక్కబడి శక్తి పెరుగుతుంది కనుక కొద్దిగా ఎక్కువ బరువు అవసరం కావచ్చు. నేటి ఇంజన్లలో ఇంధన ప్రసరణను కంప్యూటరు ఎత్తుకు తగినట్లు సరిచేస్తుంది. కానీ సాధారణ క్లచ్‌లోని బరువులను అది మార్చలేదు.

సస్పెన్షన్ నిర్మాణం

ముందుభాగంలో ప్రతి స్కీకి విడిగా స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉంటాయి. ఇప్పటి బండ్లలో ఎక్కువగా కారులో వలె ఒకదానిపై ఒకటిగా ఉండే రెండు ఆర్మ్‌లు స్కీని పట్టి ఉంచుతాయి. రెండు పక్కలనూ కలిపే కడ్డీ మలుపులో బండి పక్కకు ఒరగడాన్ని తగ్గిస్తుంది.

వెనుకభాగంలో ట్రాక్ లోపల రెండు పొడవైన పట్టాలుంటాయి. వాటి అడుగున ఉండే ప్లాస్టిక్ పట్టీలపై ట్రాక్ జారుతుంది. ఈ పట్టీలను మంచే చల్లబరుస్తుంది. మంచు పలుచగా ఉన్న గట్టి దారిపై ఇవి వేడెక్కి కరుగుతాయి. పట్టాలను బండి చట్రానికి ముందు ఆర్మ్, వెనుక ఆర్మ్ కలుపుతాయి. ముందు ఆర్మ్‌కు ఉండే షాకును మధ్య షాకు అంటారు. ముందు ఆర్మ్ ఎంతవరకు కిందికి చాచుకోవచ్చో లిమిటర్ పట్టీ నిర్ణయిస్తుంది. పట్టాల ముందు, వెనుక భాగాల కదలికలను ఒకదానితో ఒకటి ముడిపెట్టే బిళ్ళను కప్లర్ అంటారు.

సస్పెన్షన్ సర్దుబాటు

స్కీలపై ఎంత బరువు, ట్రాక్‌పై ఎంత బరువు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. థ్రాటిల్ ఇచ్చినప్పుడు బరువు వెనుకకు మళ్ళి స్కీలు తేలికవుతాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది. స్కీలపై బరువు తక్కువైతే మలుపులో బండి నేరుగా జారిపోతుంది. ఎక్కువైతే హ్యాండిల్ తిప్పడం కష్టమై చేతులు అలసిపోతాయి, పాత గాళ్ళ వెంట స్కీలు అటూ ఇటూ లాగుతాయి. ఈ క్రింది వరుసలో సర్దుబాటు చేయడం వాడుకలో ఉంది.

1. కుంగుబాటు: బండి వెనుకభాగాన్ని ఎత్తి సస్పెన్షన్ పూర్తిగా చాచుకొన్నాక బంపరు ఎత్తును కొలవాలి. తరువాత చోదకుడు పూర్తి దుస్తులు, హెల్మెట్‌తో కూర్చున్నాక మళ్ళీ కొలవాలి. రెండింటి తేడా మొత్తం కదలికలో సుమారు నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు ఉండాలి. ఇంతకంటే ఎక్కువగా కుంగితే వెనుక స్ప్రింగు బిగువు పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. 60 కిలోల వ్యక్తికి సరిపోయిన అమరిక 100 కిలోల వ్యక్తికి సరిపోదు.

2. ముందు స్ప్రింగులు: బిగువు పెంచితే మలుపులో బండి తక్కువగా ఒరుగుతుంది, స్కీల పట్టు పెరుగుతుంది. మరీ ఎక్కువైతే చిన్న గతుకులు కూడా చేతులకు తెలుస్తాయి. రెండు పక్కలా బిగువు సమానంగా ఉండాలి.

3. లిమిటర్ పట్టీ: దీనిని కురచ చేస్తే స్కీలపై బరువు పెరిగి మలుపులు సులభమవుతాయి. పొడవు పెంచితే బరువు వెనుకకు మళ్ళి, లోతైన మంచులో ట్రాక్‌కు పట్టు దొరుకుతుంది.

4. మధ్య షాకు స్ప్రింగు: దీని బిగువు పెంచితే స్కీలు తేలికై హ్యాండిల్ సులభంగా తిరుగుతుంది. తగ్గిస్తే స్కీల పట్టు పెరుగుతుంది. లిమిటర్ పట్టీ, మధ్య స్ప్రింగు రెండూ స్కీల బరువునే మారుస్తాయి కనుక ఒకేసారి రెండింటినీ మార్చరాదు.

5. కప్లర్: దీనిని గట్టి స్థానంలో ఉంచితే థ్రాటిల్ ఇచ్చినప్పుడు స్కీలు తక్కువగా లేస్తాయి. మెత్తని స్థానంలో బరువు వెనుకకు ఎక్కువగా మళ్ళుతుంది.

6. డాంపింగ్: షాకు లోపలికి నొక్కుకొనే వేగాన్ని, తిరిగి చాచుకొనే వేగాన్ని నూనె ప్రవాహం అదుపు చేస్తుంది. షాకు అడుగంటా కొట్టుకుంటే నొక్కుడు డాంపింగ్ పెంచాలి. గతుకు దాటాక బండి వెనుకభాగం ఎగిరిపడితే చాచుకొనే డాంపింగ్ పెంచాలి. అయితే ఇది ఎక్కువైతే వరుస గతుకుల మధ్య షాకు పూర్తిగా చాచుకోలేక క్రమంగా కుంగిపోతుంది. అప్పుడు స్ప్రింగు మెత్తబడిందని భ్రమపడి దానిని బిగించడం సమస్యను పెంచుతుంది.

షాకులోని నూనె చలిలో చిక్కబడుతుంది కనుక కొన్ని కిలోమీటర్లు నడిచిన తరువాతే పరీక్షించాలి. నూనె కాలక్రమంలో చెడిపోతుంది. పాత బండిలో షాకులను విప్పి కొత్త నూనె పోస్తేనే సర్దుబాటుకు అర్థం ఉంటుంది.

స్కీల అమరిక కూడా ఇందులో భాగమే. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు రెండు స్కీల ముందు భాగాల మధ్య దూరం వెనుక భాగాల మధ్య దూరం కంటే కొద్దిగా, తరచుగా 3 నుండి 6 మి.మీ., ఎక్కువగా ఉంచుతారు. స్కీల అడుగున ఉండే కార్బైడ్ కడ్డీలు మొద్దుబారితే గట్టి మంచుపై ఏ సర్దుబాటూ పనిచేయదు.

రెండు సర్దుబాట్ల మధ్య సంబంధం

క్లచ్, సస్పెన్షన్లను వేర్వేరు విషయాలుగా చూడడం వాడుకలో ఉన్నా, దారిపై అవి ఒకదాని ఫలితాన్ని మరొకటి మారుస్తాయి. బండి కదిలే ఇంజను వేగం మరీ ఎక్కువగా ఉంటే బెల్టు ఒక్కసారిగా పట్టుకొని బండి కుదుపుతో బయలుదేరుతుంది. బరువు వెనుకకు పడి స్కీలు లేస్తాయి. దీనిని సస్పెన్షన్ లోపమని భావించి లిమిటర్ పట్టీని కురచ చేస్తే, మిగతా దారంతా హ్యాండిల్ బరువెక్కుతుంది. అసలు మార్చవలసింది మొదటి కప్పీ స్ప్రింగు.

ఇదే విధంగా వెనుక స్ప్రింగు మరీ మెత్తగా ఉండి ట్రాక్ మంచులో కుంగితే ఇంజనుపై భారం పెరిగి భ్రమణాలు తగ్గుతాయి. అక్కడ బరువులు తగ్గించడం వల్ల ఇంజను వేగం సరిగా కనిపించినా మలుపులలో స్కీలు తేలికగానే మిగిలిపోతాయి. అందువల్ల ముందుగా అరుగుదలను సరిచేసి, తరువాత సస్పెన్షన్ కుంగుబాటును, స్కీల బరువును సరిచేసి, ఆ పైన క్లచ్‌ను సరిచేయడం మేలు. ప్రతి దశలోనూ ఒకసారికి ఒకే మార్పు చేసి, ముందున్న విలువను, మారిన విలువను, ఆనాటి ఉష్ణోగ్రతను పుస్తకంలో రాసుకోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు, వెనుకకు మళ్ళే దారి కూడా ఉండదు.

జాగ్రత్తలు

* క్లచ్ మూతను తీసి ఇంజనును నడపరాదు. వేగంగా తిరుగుతున్న బెల్టు తెగితే దాని ముక్కలు తీవ్రమైన గాయాలు చేస్తాయి.
* వెనుకభాగాన్ని ఎత్తి ట్రాక్‌ను తిప్పేటప్పుడు వెనుక ఎవరూ నిలబడరాదు.
* క్లచ్ స్ప్రింగులు గట్టి ఒత్తిడిలో ఉంటాయి. తగిన పనిముట్టు లేకుండా కప్పీని విప్పరాదు.
* చాలా షాకులలో అధిక పీడనంతో నైట్రోజన్ వాయువు ఉంటుంది. వాటిని శిక్షణ పొందినవారే విప్పాలి.
* ప్రయాణంలో అదనపు బెల్టు, దానిని మార్చే పనిముట్టు వెంట ఉండాలి. మైనస్ 30 డిగ్రీల చలిలో, జనావాసాలకు దూరంగా బెల్టు తెగడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.
* పరీక్షలను రాకపోకలున్న దారిపై గాక, అనుమతి ఉన్న ఖాళీ స్థలంలో చేయాలి. సరస్సుపై చేసేటప్పుడు మంచు మందాన్ని ముందుగా నిర్ధారించుకోవాలి.

పైన పేర్కొన్న అంకెలు సాధారణ అవగాహన కోసం ఇచ్చినవి. ఏ బండికైనా దాని తయారీదారు మాన్యువల్‌లోని విలువలే ప్రమాణం. సర్దుబాటు ఎటు పోయిందో తెలియనప్పుడు ఆ విలువలకు తిరిగివచ్చి మళ్ళీ మొదలుపెట్టడం ఉత్తమం.